హెర్మిట్ పీతలకు ఇంటి ఉప్పు వాడవచ్చా? – సమాధానం

మీ హెర్మిట్ పీతల (ఖాళీ నత్తగుల్లల్లో ఉండే పీతల) ఉప్పునీటి గిన్నెలో ఇంట్లో వాడే ఉప్పు కలపవచ్చా అని అడిగారు. దయచేసి కలపకండి. ఆ ఉప్పు దాదాపుగా సోడియం క్లోరైడ్ మాత్రమే. సముద్రపు నీటిలో దానితోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి. నేలపై తిరిగే ఈ పీతలు గుల్లలో నీటిని నిల్వ చేసుకొని దానితోనే మొప్పలను తడిగా ఉంచుకుంటాయి కనుక, ఆ నీటిలో ఏమేమి ఉన్నాయన్నది వాటికి ప్రాణావసరమైన విషయం. మంచినీటి చేపల కోసం ‘అక్వేరియం సాల్ట్’ పేరుతో అమ్మేది కూడా సాధారణంగా సోడియం క్లోరైడే. పేరు చూసి చాలామంది పొరబడేది ఇక్కడే. మీరు కొనవలసింది సముద్రపు చేపల తొట్టెల కోసం తయారయ్యే మెరైన్ సాల్ట్ మిశ్రమం.

లీటరు నీటికి సుమారు 35 గ్రాములు కలపాలి, అయితే ప్యాకెట్ మీద ఉన్న కొలతనే ప్రమాణంగా తీసుకోండి. కుళాయి నీరైతే ముందుగా కండిషనర్ (నీటిలోని క్లోరిన్, క్లోరమిన్‌ల ప్రభావాన్ని పోగొట్టే ద్రావణం) వేయాలి, ఎందుకంటే నీటిని ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోవచ్చు గానీ క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడే క్రిమిసంహారకం) అంత సులభంగా పోదు. ఉప్పు పూర్తిగా కరిగాకే గిన్నెలో పోయండి.

నీరు ఆవిరై తగ్గినప్పుడు మళ్లీ ఉప్పునీరు పోయకండి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి గాఢత పెరిగిపోతుంది, అందువల్ల క్లోరిన్ లేని మంచినీటినే చేర్చాలి. మంచినీటి గిన్నె విడిగా తప్పక ఉండాలి. రెండు గిన్నెలూ పీత మునిగేంత లోతుగా ఉండి, అది సులువుగా పైకి ఎక్కి రాగలిగేలా లోపల రాళ్లు అమర్చండి.