ఆక్సిజన్ సెన్సర్ మార్చబోయే ముందు

ఆటోనగర్, విజయవాడ

చిన్నా,

నువ్వు పంపిన నీ కారు స్కానర్ ఫోటో చూశాను. పి0135 అనే లోపం కోడ్ వచ్చింది. షెడ్డులో కుర్రాడు ‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది, కొత్తది వేసేద్దాం’ అన్నాడని, రేపు డబ్బు కట్టేస్తానని రాశావు. కట్టకు. ఆదివారం దాకా ఆగు. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతోంది అన్నావు కాబట్టి ఈ నాలుగు రోజులూ ఆఫీసుకు వెళ్లి రావచ్చు, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. లైటు ఆగి ఆగి కొట్టుకోవడం మొదలుపెడితే మాత్రం బండి పక్కకు తీసి ఆపెయ్యి. ఇంజిన్ గట్టిగా మిస్ కొడుతోందని అర్థం. కాలని పెట్రోలు సైలెన్సర్ లైన్లోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, దాని ఖరీదు ముందు సెన్సర్ ఖరీదు లెక్కలోకి రాదు.

పి0135 అంటే సెన్సర్ పోయిందని కాదురా. ఇంజిన్‌కు దగ్గరగా ఉన్న మొదటి సెన్సర్‌కి హీటర్ లైను బాగాలేదని. ఆ లైనులో ఫ్యూజు ఉంది, రిలే ఉంది, వైరు ఉంది, వైర్లను కలిపే ప్లగ్గు, అదే కప్లర్ ఉంది. వీటన్నిటి తర్వాత, సెన్సర్ కడుపులో హీటర్ ఉంది. కోడ్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

అసలు హీటర్ ఎందుకంటావా? సెన్సర్ లోపల జిర్కోనియా అనే పింగాణీ ముక్క ఉంటుంది. ఒక పక్క పొగ, ఇంకో పక్క బయటి గాలి. రెండు పక్కలా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి అది చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. సుమారు 300 డిగ్రీల వేడెక్కితేగానీ ఆ పని మొదలుపెట్టదు. హీటర్ లేకపోతే పొగ వేడికే కాగాలి, అది ఆలస్యం. అందాకా బండిలోని కంప్యూటర్ అంచనా మీద పెట్రోలు పోస్తూ ఉంటుంది. నీ మైలేజీ పడిపోవడానికి ఇదే కారణం కావచ్చు.

ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. ముందు ఫ్యూజు చూడు. తర్వాత సెన్సర్ వైరు వెంట చేత్తో తడుముతూ కప్లర్ దాకా వెళ్లు. మీ అపార్ట్‌మెంటు సెల్లారులో ఎలుకలున్నాయని మీ అమ్మ చెప్పింది. నేను చూసిన హీటర్ కేసుల్లో ఎలుక కొరికిన వైర్లు, సైలెన్సర్‌కు తగిలి కరిగిన వైర్లు చాలానే ఉన్నాయి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, వంచి చూస్తే లోపల రాగి తెగి ఉంటుంది.

కప్లర్ విప్పితే నాలుగు వైర్లు కనిపిస్తాయి. వాటిలో ఒకే రంగువి రెండుంటే, సాధారణంగా తెల్లవి, అవి హీటర్‌వి. సెన్సర్ వైపు ఆ రెండింటి మధ్య మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూడు. కొన్ని ఓమ్స్ నుంచి పదీ పదిహేను దాకా చూపిస్తే హీటర్ బతికే ఉన్నట్టు. మీ బండికి కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, దానితో పోల్చుకో. ‘ఓఎల్’ అని చూపించి కదలకపోతే లోపల తీగ తెగింది, అప్పుడు సెన్సర్ మార్చాల్సిందే, ఆ కుర్రాడి మాటే నిజం. హీటర్ బాగుంటే ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి వైపు కప్లర్‌లో 12 వోల్టులు వస్తున్నాయేమో చూడు. అక్కడ రాకపోతే కొత్త సెన్సర్ వేసినా లైటు ఆరదు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పదిహేనేళ్ల కిందట నా దగ్గరికి ఒకాయన పి0171తో వచ్చాడు. ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని ఆ కోడ్‌కు అర్థం. నేను మీటర్ తియ్యకుండానే సెన్సర్ మార్చేశాను. మూడో రోజు అదే లైటుతో తిరిగొచ్చాడు. అప్పుడు కింద పడుకుని చూస్తే, ఇంజిన్‌లోంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర వెంట్రుకంత సందు, దాని చుట్టూ నల్లటి మసి. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటోంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసింది, చూసింది చూసినట్టు చెప్పింది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచింది. జ్వరమొచ్చిందని థర్మామీటర్ మార్చినట్టయింది నా పని. డబ్బు తిరిగి ఇచ్చేశాను. కానీ కూతురి పెళ్లి పనుల్లో ఉన్న మనిషి రెండు రోజులు బస్సుల్లో తిరిగాడు, అది తిరిగివ్వలేకపోయాను.

అందుకని ఆ లీకు కూడా చూసెయ్యి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, సెన్సర్‌కు ముందున్న జాయింట్ల మీద సబ్బు నురగ రాసి, ఇంకొకరిని తోలు గ్లోవు వేసుకుని సైలెన్సర్ మూతికి రెండు మూడు క్షణాలు మందపు గుడ్డ అడ్డుపెట్టమను. సందు ఉంటే బుడగలు లేస్తాయి. సెల్లారులో వద్దు, ఆరుబయట చెయ్యి. మూసిన చోట ఆ పొగ ప్రాణం తీస్తుంది.

హీటర్ లైను బాగుపడ్డాక సెన్సర్ చూపు ఎలా ఉందో చూడాలి. నాకు ఈ పనిలో ఇష్టమైన ఘట్టం ఇదే. పావుగంట బండి తిప్పి ఇంజిన్ వేడెక్కనివ్వు. కప్లర్ తగిలించే ఉంచి, వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి, సెన్సర్ పుట్టించే వోల్టేజీని మోసే సిగ్నల్ వైరు దగ్గర డీసీ వోల్టులు చూడు. వైరు తొడుగుకు పొడిచి కన్నం పెట్టకు, నీళ్లు దిగుతాయి. టెస్ట్ ల్యాంపు అసలు తగిలించకు. 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే అంకె 0.1కీ 0.9కీ మధ్య ఊగుతూ ఉండాలి. ఆ ఊగడమే ఆరోగ్యం. ఒక్కసారి గట్టిగా రేస్ ఇస్తే 0.9 దగ్గరికి లేవాలి, వదిలేస్తే 0.1 దగ్గరికి పడాలి. లేవడానికి, పడడానికి బద్ధకిస్తే సెన్సర్ ముసలిదైంది. ఎంత రేస్ ఇచ్చినా 0.45 దగ్గరే కూర్చుంటే చల్లగా ఉండిపోయింది, లేదా వైరు తెగింది. ఐదారు వైర్లున్న వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కు ఈ పరీక్ష పనికిరాదు, దాన్ని స్కానర్‌లోనే చూడాలి. కన్వర్టర్ వెనకున్న రెండో సెన్సర్ ఊగకుండా నిలకడగా ఉండాలి. అది కూడా మొదటిదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ పనయిపోయినట్టు.

మార్చక తప్పకపోతే ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పు. చల్లగా ఉంటే థ్రెడ్డు పట్టేసి తెగొస్తుంది, కాలుతుంటే చెయ్యి పోతుంది. తుప్పు నూనె రాసి కాసేపు వదిలెయ్యి. చాలా బండ్లకు 22 నంబర్ పానా సరిపోతుంది, వైరు దూరేలా పక్కన చీలిక ఉన్న సాకెట్ దొరికితే ఇంకా మంచిది.

విప్పినదాన్ని పారేయకుండా మూతి చూడు. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లటి పొడి ఉంటే కూలెంట్ లోపలికి దిగుతోంది, లేదంటే ఎవరో గాస్కెట్‌కు సిలికాన్ పేస్టు పూశారు. ఆ కారణం సరిచెయ్యకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి. పాతదాన్ని థిన్నర్‌లో ముంచి కడిగి మళ్లీ బిగిస్తామంటే ఒప్పుకోకు, రెండు రోజుల సంబరమే అది.

కొత్తది మీ బండి కప్లర్‌తోనే వచ్చేది కొను. వైర్లు కోసి అతికించేది చవకే, కానీ చాలా సెన్సర్లు బయటి గాలిని ఆ వైర్ల సందులోంచే తీసుకుంటాయి. సీసం కరిగించి అతికిస్తే ఆ దారి మూసుకుపోతుంది, అక్కడ క్రింపింగే, అంటే నొక్కి బిగించడమే చెయ్యాలి. కప్లర్‌లో గ్రీజు పెట్టకు. సెన్సర్ చేతిలోంచి జారి నేల మీద పడితే పైకి ఏమీ కాకపోయినా లోపల పింగాణీ పగిలి ఉండొచ్చు, దాన్ని బిగించకు.

కోడ్ చెరిపేసి, మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి అరగంట తిప్పు. ఓమ్స్‌లో వచ్చిన అంకె, కప్లర్ దగ్గర వచ్చిన వోల్టులు, రేస్ ఇచ్చినప్పుడు ఎంత లేచిందో కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. ఆదివారం షాపు మూసే ఉంటుంది, ఫోన్ పక్కనే పెట్టుకుంటాను.

మీ మామయ్య