వయొలిన్ పట్టుకుంటే చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది.. ఇక మానేయాల్సిందేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. మాది హనుమకొండ. చిన్నప్పుడు వరంగల్ ప్రభుత్వ సంగీత కళాశాలలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నా. పదేళ్లుగా పాశ్చాత్య పద్ధతిలో వాయిస్తున్నా. హైదరాబాద్‌లో నలుగురం కలిసి స్ట్రింగ్ క్వార్టెట్‌గా ప్రోగ్రాంలు చేస్తాం. నాది సెకండ్ వయొలిన్. వారానికి మూడుసార్లు కాజీపేట నుంచి రైల్లో వెళ్లొస్తుంటా. మూడు నెలలుగా ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి. అర్ధరాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటున్నా. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని వాడుతున్నా. మిగతా ముగ్గురికీ ఇంకా చెప్పలేదు. వాయించడం మానేయాలా?
- ఓ పాఠకుడు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మానేయాల్సినంత పరిస్థితి కనిపించడం లేదు. నొప్పి మాత్రలు మాత్రం ఇవాళే ఆపండి. నరం నలగడం వల్ల వచ్చే తిమ్మిరికి వాటితో ఒరిగేది పెద్దగా ఉండదు. కడుపులో మంట, కిడ్నీల మీద భారం అదనం.

ముందు ఇంట్లోనే ఒకటి చూసుకోండి. కళ్లు మూసుకుని, ఉంగరపు వేలికి రెండు పక్కలా ఎవరితోనైనా దూదితో తాకించుకోండి. చిటికెన వేలి వైపు మొద్దుగా, మధ్య వేలి వైపు మామూలుగా తెలిస్తే అనుమానం అల్నార్ నరం మీదికే వెళ్తుంది. మోచెయ్యి తలుపుకు కొట్టుకున్నప్పుడు కరెంటు షాక్‌లా జివ్వుమంటుంది చూడండి, ఆ నరమే ఇది. మోచేతి లోపలి ఎముక వెనకనుంచి ఇరుకు దారిలో వెళ్తుంది. చెయ్యి మడిచినకొద్దీ నరం సాగుతుంది, దారి ఇంకా ఇరుకవుతుంది.

కర్ణాటక పద్ధతిలో మీరు కింద కూర్చుని, వయొలిన్ తల భాగాన్ని కుడి పాదం మీద ఆనించి వాయించేవారు. బరువు రెండు చోట్లా ఆనేది, ఎడమ చెయ్యి తేలిగ్గా జారేది. పాశ్చాత్య పద్ధతిలో వాద్యం గడ్డానికీ భుజానికీ మధ్య గాలిలో ఉంటుంది. మోచెయ్యి మడిచి, వాద్యం కిందుగా లోపలికి తిప్పి ఉంచాలి. అన్నిటికన్నా మందంగా ఉండే జి తీగ మీదికి వేళ్లు వెళ్లినప్పుడు ఈ మెలిక మరీ ఎక్కువ. సెకండ్ వయొలిన్‌కు ఆ కింది తీగల పని ఎక్కువే పడుతుంది.

దీనికి తోడు క్వార్టెట్ ఇబ్బంది ఒకటుంది. పెద్ద ఆర్కెస్ట్రాలో ఒకే వరసను పది మంది వాయిస్తుంటే ఒకరు కాసేపు చెయ్యి దించినా కచేరీ ఆగదు. ఇక్కడ రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో. ఎవరి వరస వారిదే. పాశ్చాత్య స్వరకర్త బీతోవెన్ రాసిన ఓపస్ 131 అనే క్వార్టెట్‌లో ఏడు భాగాలు మధ్యలో ఆపకుండా దాదాపు 40 నిమిషాలు సాగుతాయి. మీరు నొప్పి ఎందుకు దాస్తున్నారో నాకు అర్థమవుతోంది. కానీ ఆ ముగ్గురికీ తెలియకపోతే రిహార్సల్ ఎవరు తగ్గిస్తారు?

ఆస్ట్రియాలో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు రుడాల్ఫ్ కోలిష్‌కు చిన్నప్పుడే ఎడమ చేతి మధ్య వేలు దెబ్బతింటే చేతులు మార్చుకున్నాడు. ఎడమ చేత్తో బో (కమాను) పట్టి, తన పేరుతోనే క్వార్టెట్ నడిపాడు. ఇలాంటి కథలు వినడానికి బాగుంటాయి. మీకు అంత అవసరం లేదు, వేళకు పరీక్షలు చేయించుకుంటే చాలు.

రెండు చేతుల బొటనవేలు, చూపుడు వేలు మధ్య ఒకే కాగితాన్ని పట్టుకుని చెరో వైపు లాగండి. ఎడమ బొటనవేలి చివరి కణుపు ముడుచుకుపోతుంటే, లేదా ఆ రెండు వేళ్ల మధ్య కండ పల్లంగా దిగితే ఆలస్యం వద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో, మీకు దగ్గర్లోని న్యూరాలజిస్టు దగ్గరో వెంటనే చూపించుకోండి. అవేవీ లేకపోయినా, మూడు నెలలైంది కాబట్టి రెండు వారాల్లోపు నరాల పరీక్ష చేయించండి. మొదట్లో ఈ పరీక్ష మామూలుగా రావచ్చు, అంతమాత్రాన జబ్బు లేదని కాదు. షుగర్, థైరాయిడ్, బి12 కూడా చూడాలి. మెడ దగ్గర నరం నొక్కుకున్నా ఇవే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

ఇంకోటి అడగక తప్పదు. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందా? కుష్ఠువ్యాధి ఎక్కువగా పట్టేది ఈ నరాన్నే. పేరు విని బెదిరిపోకండి. మందులతో పూర్తిగా తగ్గుతుంది, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

పరీక్షలయ్యేదాకా వాయించడం రోజుకు గంటకు మించనీయకండి. అది కూడా ఇరవై నిమిషాలకోసారి వయొలిన్ పక్కన పెట్టి, చెయ్యి చాపి కిందికి వదిలేయాలి. మీ మెడ పొడవుకు తగ్గట్టు షోల్డర్ రెస్ట్, చిన్ రెస్ట్ ఉన్నాయో లేదో అనుభవమున్న గురువుకు చూపించండి. రాత్రి పడుకునేటప్పుడు మోచేతికి తువ్వాలు వదులుగా చుట్టుకుంటే నిద్రలో చెయ్యి పూర్తిగా మడవలేరు. చాలామందికి ఈ ఒక్కదానితోనే రాత్రి తిమ్మిరి బాగా తగ్గుతుంది. కండ బలం తగ్గుతున్నా, నెలల తరబడి మార్పు లేకపోయినా అప్పుడు నరం మీది ఒత్తిడి తీసే ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం.

అన్నట్టు, రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే ఎడమ మోచెయ్యి కిటికీ అంచు మీద పెట్టి, ఆ చేత్తోనే ఫోన్ పట్టుకుని సికింద్రాబాద్ దాకా వెళ్తున్నారేమో చూసుకోండి. నా దగ్గరికి ఇదే తిమ్మిరితో వచ్చేవాళ్లలో చాలామంది వయొలిన్ ముట్టనివాళ్లే!