వాట్సాప్‌లో వచ్చిన లాటరీ టికెట్ ఫొటో మన టికెట్ అవుతుందా?

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఫోన్‌పేలో పైసలు వేస్తే కేరళ లాటరీ టికెట్ ఫొటో పంపుతున్నడు. తగిలితే ఖాతాలో వేస్తనంటున్నడు. మా బావేమో ఈ లాటరీలన్నీ ముందే సెట్ చేసి పెడతరంటడు. ఏది నిజం?

జవాబు: ఫొటో టికెట్ కాదండి. లాటరీ కౌంటర్లో కొన్నవాళ్ల పేరు ఎవరూ రాసుకోరు. ఏజెంటు కాగితం చేతికిస్తడు, అంతే. ఆ కాగితం ఎవరి దగ్గరుంటే ప్రైజు వాళ్లది. అందుకే కొన్న వెంటనే వెనుక వైపు పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి. ఫొటో మీ దగ్గర, కాగితం ఆయన దగ్గర ఉంటే సంతకం పెట్టేది ఆయనే. అదే ఫొటో ఇంకెంతమందికి పంపిండో మీకు తెలిసే దారే లేదు.

‘మీ నంబరుకు 25 లక్షలు తగిలినయ్’ అని వచ్చే ఫోన్లు కూడా ఇందుకే ఉత్తవి. మీ పేరే తెలియని సర్కారు మీకు ఫోనెట్ల చేస్తది? ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ముందు కట్టమన్నరంటే ఇంక అనుమానమే అక్కర్లేదు. అసలు ప్రైజులో పన్ను పట్టుకునే మిగతాది ఇస్తరు, ప్రైజు ఇచ్చే ముందు ఎదురు కట్టించుకోరు.

పైగా కేరళ తన లాటరీని ఆన్‌లైన్‌లో అమ్మదు. కాగితం టికెట్లే, అవీ ఆ రాష్ట్రంలోనే. మన దగ్గర సర్కారు లాటరీ లేదు, బయటి రాష్ట్రాల టికెట్లు అమ్మడమూ నిషేధమే. 1998 నాటి కేంద్ర లాటరీల నియంత్రణ చట్టాన్ని మీరి నడిపే లాటరీలో అమ్మినవాళ్లకే కాదు, కొన్నవాళ్లకూ రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇది చాలామందికి తెలియదు. సిరోంచకో బల్లార్షాకో పోయినప్పుడు అక్కడ మహారాష్ట్ర సర్కారు టికెట్ కొనుక్కోవడం వేరు, కట్టలు తెచ్చి ఇక్కడ అమ్మడం వేరు. ఇక ఒకే అంకె మీద పైసలు కట్టించేది ఎక్కడైనా మట్కానే. ఆ చట్టం ఒంటి అంకె మీద ప్రైజు పెట్టనియ్యదు.

మీ బావగారి మాటకొస్తే, కేరళ డ్రాలు తిరువనంతపురంలోని గోర్కీ భవన్‌లో మధ్యాహ్నం 3 గంటలకు అందరి ముందే తీస్తరు. బటన్ నొక్కితే అంకెల చక్రాలు తిరిగి ఆగుతయ్. చివరి అంకె చక్రం మీద ప్రతిసారీ 0 నుంచి 9 దాకా పదీ ఉంటయ్ కాబట్టి ‘పోయిన వారం చివర 7 రాలేదు, ఈసారి తప్పకుండా వస్తది’ అనే లెక్కకు ఆధారమే లేదు. ఏ నంబరు వస్తదో ఊహించి అమ్మే గెస్సింగ్ చార్టులకు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. తగలకపోవడానికి మోసమే అక్కర్లేదు, సంఖ్య చాలు. వారం టికెట్లు 12 సిరీస్‌లు (నంబరు ముందుండే అక్షరాల గుర్తులు), ఒక్కో సిరీస్‌లో 9 లక్షల నంబర్లు అచ్చైతే మొత్తం 1.08 కోట్లు. 2011 లెక్కల ప్రకారం మన రాష్ట్ర జనం దాదాపు 3.5 కోట్లు. అందులో మూడో వంతుకు కొంచెం తక్కువ మందిని నిలబెట్టి ఒక్కరిని పిలిచినట్టు.

సిరీస్ అక్షరాలు చూడకుండా సంబరపడేవాళ్లూ ఉన్నరు. ఆరంకెలూ కలిసి అక్షరాలు వేరైతే వచ్చేది మొదటి ప్రైజు కాదు, కొన్ని వేల రూపాయల కన్సొలేషన్, అంటే ఊరట ప్రైజు. చివరి ఒక్క అంకె తప్పితే అదీ రాదు.

పేపర్లో చూసిన మొత్తం కూడా చేతికి రాదు. కేరళ ఓనం పండుగ లాటరీ ‘ఓనం బంపర్’ మొదటి ప్రైజు 25 కోట్లలో ఏజెంటు కమీషన్ 10 శాతం, అంటే 2.5 కోట్లు, మొదటే పోతది. మిగిలిన 22.5 కోట్ల మీద 30 శాతం పన్ను 6.75 కోట్లు. ఖాతాలో 15.75 కోట్లు పడతయ్ గానీ ఆ పన్ను మీద పడే సర్‌చార్జి, 4 శాతం సెస్సు తర్వాత గెలిచినవాళ్లే కట్టాలె. చివరికి 13 కోట్లకు అటూఇటూ మిగులుతది.

కేరళ పోయినప్పుడు అక్కడ కొన్న టికెట్ తగిలితే 30 రోజుల్లో క్లెయిమ్ చేయాలి. చిరిగినా, నంబరు చెరిగినా తిప్పి పంపుతరు, కాబట్టి మడతపెట్టి పర్సులో పెట్టకండి. ఫలితం సర్కారు గెజిట్ ప్రతితో సరిచూసుకోండి. 5,000 రూపాయల దాకా అక్కడి ఏజెంటే ఇస్తడు. పెద్ద ప్రైజుకు టికెట్ రెండు వైపుల జిరాక్స్, పాన్, ఆధార్, ఫొటోలు, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు కావాలి. బయటి రాష్ట్రం వాళ్లకు నోటరీ ధ్రువీకరణ కూడా ఉంటది.

ఆ గ్రూపాయనకు పైసలు ఇప్పటికే వేసి ఉంటే ఇవాళే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫోన్‌పేలో ఆ చెల్లింపుకు వచ్చిన యూటీఆర్ (లావాదేవీ) నంబరు, ఆ చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. గ్రూపులోంచి బయటికి రావడం ఆ తర్వాతే, లేకుంటే అవతల మెసేజీలు చెరిపేస్తరు.