ఆపేసిన రియాక్టర్‌లో ఆరని వేడి

ప్రశ్న: తేడా వస్తే అణు రియాక్టర్‌ను క్షణాల్లో ఆపేయవచ్చంటారు. జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలోనూ ఆగిందిగా, మరి ఇంధనం ఎలా కరిగింది? రియాక్టర్ బాంబులా పేలుతుందా?

జవాబు: బాంబులా పేలదు. యురేనియం బాంబుకు సాధారణంగా దాదాపు 90 శాతం యురేనియం-235 (సులువుగా చీలే రకం) వాడతారు. విద్యుత్ రియాక్టర్లలో సాధారణంగా వాడే ఇంధనంలో అది 5 శాతానికి మించదు. ఆవిరి పీడనంతోనో హైడ్రోజన్‌తోనో పేలొచ్చు, అది వేరు. అసలు భయం ఆపేశాక మిగిలే వేడితోనే.

న్యూట్రాన్లను పీల్చేసే కంట్రోల్ రాడ్లు దిగగానే కొన్ని సెకన్లలో గొలుసు చర్య (ఒక అణువు చీలి మరికొన్నిటిని చీల్చడం) ఆగిపోతుంది. కానీ అప్పటికే చీలిన యురేనియం నుంచి పుట్టిన సీజియం, అయోడిన్ వంటివి విఘటన చెందుతూ వేడినిస్తూనే ఉంటాయి. దానికి స్విచ్ లేదు. 1000 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి సుమారు 3000 మెగావాట్లు. ఆపిన క్షణాన అందులో 6, 7 శాతం మిగులుతుంది. గంట తర్వాత ఒకటిన్నర శాతానికి, మర్నాటికి అర శాతానికి దిగుతుంది. అర శాతమేగా అనుకోకండి. అంటే 15 మెగావాట్లు: రోజుకు దాదాపు 500 టన్నుల నీటిని ఆవిరి చేసేంత వేడి. అంత నీరూ ఎవరో ఒకరు పోస్తూనే ఉండాలి.

2011 మార్చి 11న భూకంపం రాగానే ఫుకుషిమాలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ ఆగాయి. బయటి కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. తర్వాత గంటలోపే సునామీ వచ్చి, చాలావరకు బేస్‌మెంట్లలో ఉన్న జనరేటర్లనూ స్విచ్‌బోర్డులనూ ముంచేసింది. నీళ్లు తోడే దిక్కు లేక రియాక్టర్లలో నీటిమట్టం పడిపోయి ఇంధన కడ్డీలు నీటి పైకి బయటపడ్డాయి. వాటి తొడుగు జిర్కోనియం. 1200 డిగ్రీల ప్రాంతంలో అది ఆవిరితో జోరుగా చర్య జరిపి ఇంకా వేడినీ, హైడ్రోజన్‌నూ పుట్టిస్తుంది. ఆ వేడికే ఇంధనం కరిగింది. భవనాల పైకప్పులు లేచిపోయింది ఆ హైడ్రోజన్ అంటుకునే.

అందుకే ఏ అణు కేంద్రం గురించైనా మొదట అడగాల్సింది ఇదే: కరెంటు పూర్తిగా పోతే ఎన్ని గంటలు తట్టుకుంటుంది? అమెరికా రియాక్టర్ ఏపీ1000 వంటి కొత్త డిజైన్లలో పైనున్న ట్యాంకు నీళ్లు వాటంతటవే దిగి, పంపులు లేకుండా 72 గంటలు చల్లబరుస్తాయి. ఇది నిజమైన మెరుగుదల.

ప్రశ్న: ఇంత ముప్పు ఉన్నా ఎందుకు కడుతున్నారు? వ్యర్థాలు ఏంచేస్తారు?

జవాబు: వేలికొనంత ఇంధన గుళిక, సుమారు 7 గ్రాములు, దాదాపు టన్ను బొగ్గు పని చేస్తుంది. నడిచేటప్పుడు పొగ రాదు, రాత్రీ పగలూ కరెంటు వస్తుంది. యూనిట్‌కు లెక్కేస్తే బొగ్గు పొగతో పోయే ప్రాణాలే చాలా ఎక్కువ. అయితే కట్టడానికి ఏళ్లూ, బోలెడు డబ్బూ పడతాయి.

వాడేసిన ఇంధనాన్ని కొన్నేళ్లు లోతైన నీటి తొట్టిలో చల్లార్చి, ఉక్కు, కాంక్రీటు పీపాల్లోకి మారుస్తారు. అందులోని ప్లుటోనియం-239 సగానికి తగ్గాలంటే 24 వేల ఏళ్లు. శాశ్వతంగా పూడ్చేందుకు ఫిన్లాండ్ ఓన్కలో వద్ద 400 మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వింది. చాలా దేశాలకు ఇంకా అలాంటి చోటే లేదు. ఈ రంగంలో పెద్ద లోటు ఇదే.

ప్రశ్న: అణు ప్రమాదం వస్తుందేమోనని అయోడిన్ మాత్రలు ముందే మింగితే రక్షణేనా?

జవాబు: ఊరికే మింగకండి. అవి థైరాయిడ్‌ను రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే కాపాడతాయి, సీజియంపై పనిచేయవు. పెద్దలకు మోతాదు 130 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్. గాలిలోకి విడుదలయ్యే ముందు గానీ, ఆ తర్వాత కొద్ది గంటల్లో గానీ, అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. అందరికన్నా అవసరం పిల్లలకు, గర్భిణులకు. అయోడిన్ ఉప్పుతో ఆ మోతాదు రాదు. గాయాలకు రాసే టింక్చర్ తాగితే విషం.