మానిటర్ స్టాండ్ సొంతంగా చేయించుకుంటే వారంటీ పోతుందా?

ప్రశ్న: నేను ఇంటి నుంచే పనిచేస్తాను. టేబుల్ మీద మూడు మానిటర్లున్నాయి. రెండు నావి, మూడోది ఆఫీసు వాళ్లు ఇచ్చింది. మూడింటినీ ఒకే స్టాండ్‌కు బిగించాలని ఉంది. రెడీమేడ్ ఆర్మ్‌లు (మానిటర్‌ను పట్టి ఉంచే చేతుల్లాంటి స్టాండ్లు) కొనాలా, తెలిసిన వెల్డింగ్ ఆయనతో ఇనుప పైపులతో చేయించుకోవాలా తేల్చుకోలేకపోతున్నాను. చేయించుకుంటే మానిటర్ల వారంటీ పోతుందని ఒకరు భయపెట్టారు. స్టాండ్ కూలి మానిటర్లు పగిలితే ఎవరిని అడగాలి? బాగా కుదిరితే మాకూ చేసివ్వు, డబ్బులిస్తాం అని ఇద్దరు స్నేహితులు అంటున్నారు. గోడకు బిగిద్దామంటే మాది అద్దె ఇల్లు.

జవాబు: ముందు వారంటీ టెన్షన్ తీసేద్దాం. మానిటర్ వెనక చతురస్రంగా నాలుగు స్క్రూ రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. వాటి మధ్య దూరం 75 మిల్లీమీటర్లో, 100 మిల్లీమీటర్లో ఉంటుంది. మానిటర్ బిగింపు కొలతలకు ఉన్న వెసా ప్రమాణం ప్రకారం ఆ రంధ్రాలను కంపెనీయే వేరే స్టాండ్ బిగించుకోవడానికి ఇచ్చింది. కాబట్టి వాటిని వాడుకున్నంత మాత్రాన వారంటీ పోదు. వారంటీ కార్డులో మినహాయించేది సాధారణంగా ‘భౌతిక నష్టం’, ‘తప్పుగా బిగించడం’. ఆర్నెల్ల తర్వాత తెర మీద గీత వస్తే, మీరు వేరే స్టాండ్ వాడారన్న ఒక్క సాకుతో కంపెనీ తప్పుకోవడం కష్టం. కార్డులో అలాంటి షరతు ఉందేమో మాత్రం ఒకసారి చదవండి.

అసలు చిక్కు స్క్రూ దగ్గర వస్తుంది. ఈ రంధ్రాల్లోకి మామూలుగా ఎం4 సైజు స్క్రూలు పడతాయి. వెల్డింగ్ షాపులో ప్లేటు మందం మారితే స్క్రూ పొడవూ మారాలి. చేతికి దొరికిన పొడవాటి స్క్రూ పెట్టి బిగిస్తే దాని కొన లోపలి భాగాలకు తగులుతుంది. మానిటర్ విప్పిన సర్వీస్ వాళ్లకు ఆ గుర్తు కనిపిస్తే, ‘తప్పుగా బిగించడం’ అనే మాటకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక కొనడమా, చేయించడమా అన్నది. చట్టం వైపు నుంచి చూస్తే కొన్నవాడికి అడగడానికి ఎదుట ఒక మనిషి ఉంటాడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఉత్పత్తి బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, వాడకం గురించి సరైన సూచనలు ఇవ్వకపోవడం, వీటిలో ఏది ఉన్నా సెక్షన్ 84 కింద తయారీదారు జవాబుదారీ. ఆర్మ్ విరిగితే ఆర్మ్ ధర ఒక్కటే కాదు, దాని వల్ల పగిలిన మానిటర్ల నష్టం కూడా అడగవచ్చు. తయారీదారు ఎవరో తెలియని ఊరూ పేరూ లేని సరుకైతే సెక్షన్ 86 కింద అమ్మినవాడే చిక్కుతాడు. అందుకే బిల్లుతో పాటు డబ్బా కూడా దాచండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు దాని మీదే ఉండాలి.

ఈ రక్షణ కూడా బేషరతుగా రాదు. వస్తువును తప్పుగా వాడినా, మార్చినా అమ్మినవాడి మీద దావా నిలవదని సెక్షన్ 87 అంటోంది. ఒక్కో ఆర్మ్ ఎన్ని కిలోలు మోస్తుందో డబ్బా మీద ఉంటుంది. మానిటర్ బరువు స్టాండ్ లేకుండా ఎంతో దాని మాన్యువల్‌లో చూసి పోల్చుకోండి. ఆర్మ్‌ను టేబుల్ అంచుకు పట్టించే క్లాంప్‌కు తగిన టేబుల్ మందం కూడా రాసి ఉంటుంది. పలచటి చెక్కపొట్టు బోర్డు టేబుల్‌కు బిగించి, అంచు పిండైపోయి కూలితే ఆ తప్పు మీ ఖాతాలోకే వస్తుంది.

వెల్డింగ్ ఆయన సంగతి. ఆయన డబ్బు తీసుకుని చేస్తే మీరు వినియోగదారే. ఇంటి నుంచి పని చేసి బతుకుతున్నారు కదా, ఇది ‘వాణిజ్య అవసరం’ అంటారేమోనన్న భయం వద్దు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మీరే వాడుకునేదాన్ని చట్టం అలా చూడదు. తెలిసినవాడు కదా అని ఉచితంగా చేసిస్తే మాత్రం ఆ దారి మూసుకున్నట్టే, ఉచిత సేవ ఈ చట్టం కిందికి రాదు. ఇంకో ఇబ్బంది ఉంది. కొలతలు, డిజైన్ మీవైతే, ‘ఆయన చెప్పినట్టే అతికాను’ అని అతను చేతులు దులుపుకుంటాడు. అతుకు ఊడితే అతని తప్పు. పైపు బరువుకు వంగితే? డిజైన్ ఎవరిదన్న వాదనలో మీరే ఓడిపోవచ్చు. మూడు మానిటర్ల బరువులు, పైపు సైజు వాట్సాప్‌లో పంపి ‘ఇది మోస్తుందా?’ అని అడిగి, ఆయన జవాబు ఉంచుకోండి. కేసు అవసరం వచ్చినప్పుడు చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

నన్నడిగితే అన్నిటికంటే చెడ్డ పద్ధతి సగం కొని సగం చేయించడం. కొన్న ఆర్మ్‌కు రంధ్రం వేసి, ఇనుప గొట్టానికి అతికిస్తే ఆర్మ్ కంపెనీ ‘మార్చేశారు’ అంటుంది, వెల్డర్ ‘ఆర్మే నాసి’ అంటాడు. డబ్బు మిగలాలంటే పూర్తిగా చేయించుకోండి, తర్వాత ఎవరినీ అడగలేననుకునే చేయించుకోండి.

ఆఫీసు మానిటర్‌ను అసలు ఇందులో కలపకండి, కనీసం అడగకుండా. అది మీ దగ్గర ఉంచిన పరాయి సొత్తు. భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 ప్రకారం, సొంత వస్తువును మామూలు వివేకం ఉన్నవాడు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. ఇంట్లో చేయించిన స్టాండ్ మీంచి పడితే ఆ జాగ్రత్త చూపానని నిరూపించడం మీకే కష్టం. పైగా ఆఫీసు నియమాల్లో ఇంకా గట్టి షరతు ఉండవచ్చు. ‘ఆర్మ్‌కు బిగించుకోవచ్చా’ అని ఒక మెయిల్ పెట్టి, సరే అన్నాకే బిగించండి.

స్నేహితుల విషయంలో కాస్త ఆగండి. డబ్బు తీసుకుని చేసిచ్చిన క్షణం నుంచి మీరే తయారీదారు. మీ స్నేహితుడి మానిటర్ పడి వాళ్ల పాపకు దెబ్బ తగిలితే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 మీ మీదికే తిరుగుతుంది. నిర్లక్ష్యం రుజువైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద క్రిమినల్ కేసుకూ అవకాశం ఉంది. ఒక కంపెనీ మోడల్ చూసి అలాగే చేద్దామనుకుంటే పేటెంట్ గొడవ వేరే. రిజిస్టరైన డిజైన్‌ను సొంత వాడకానికి కాపీ కొడితే డిజైన్ల చట్టం పట్టించుకోదు, అమ్మకానికైతే పట్టుకుంటుంది.

గోడకు బిగించాలంటే ఓనర్‌ను అడిగి, అనుమతి రాతలో తీసుకోండి. అగ్రిమెంట్‌లో వేరే మాట లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం, ఖాళీ చేసేముందు మీరు బిగించినవి తీసుకెళ్లవచ్చు, గోడను మాత్రం మీరు దిగినప్పటి స్థితికి తేవాలి.

కూలడమే జరిగితే ముక్కలు పారేయకండి, ఊడ్చేముందే ఫొటోలు తీయండి. వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది, విరిగిన చోటు అక్కడ చాలా చెబుతుంది. రెండేళ్ల లోపు మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు కట్టిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు.