బాణం రెస్ట్‌కు వేలకు వేలు పోయాలా?

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు, బి.క్యాంపు. డిగ్రీ రెండో సంవత్సరం. మెటల్ రైజర్ (మధ్యలో పిడి ఉండే భాగం) ఉన్న రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగినది) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. బాణాన్ని మోసే ప్లాస్టిక్ రెస్ట్ విరిగిపోయింది. ఆన్‌లైన్‌లో చూస్తే వందల నుంచి వేల దాకా ఉన్నాయి. ఒకరు మ్యాగ్నెట్ రెస్ట్ తీసుకోమంటారు, కాంపౌండ్ (కప్పీల విల్లు) వేసే ఫ్రెండేమో డ్రాప్ అవే బెస్ట్ అంటాడు. డబ్బంతా దీనికే పెడితే ప్లంజర్ ఎట్లా కొనాలని టెన్షన్. పైగా మన ఎండలకు అంటించింది ఊడొస్తోంది.

జవాబు: డ్రాప్ అవే మాట మర్చిపో తమ్ముడూ. బాణం వదలగానే కిందికి దిగిపోయే ఆ రెస్ట్ కాంపౌండ్ వాళ్లది. వాళ్లు నారిని రిలీజ్ పరికరంతో వదులుతారు కాబట్టి బాణం పక్కకు పెద్దగా వంగదు, రెస్ట్‌ను లేపి దించడానికి విల్లులోనే కేబుల్ ఉంటుంది. నీ విల్లుకు ఆ కేబులే లేదు. నువ్వు వేళ్లతో వదిలేటప్పుడు నారి వేళ్ల కొసల మీదుగా జారుతూ కాస్త పక్కకు తప్పుకుంటుంది, దాంతో బాణం ముందు రైజర్ వైపు ఒత్తుకుని ఆ తర్వాత అటూ ఇటూ వంగుతూ పోతుంది. అందుకే మనకు కింద మోసేదొకటి, పక్కన ఆనేదొకటి కావాలి. మోసేది రెస్ట్, ఆనేది ప్లంజర్, అంటే రైజర్ రంధ్రంలో బిగించే స్ప్రింగ్ మొన. సర్దుబాటంతా ఎక్కువగా ప్లంజర్ స్ప్రింగ్‌లోనే ఉంటుంది, కాబట్టి డబ్బు అటు పెట్టు.

రెస్ట్ విషయానికొస్తే, హోయట్ సూపర్ రెస్ట్ లాంటి మామూలు ప్లాస్టిక్‌వి పెద్ద పోటీల్లో కూడా వాడారు, చవకైనదని చిన్నచూపు వద్దు. ఒకటి కొనే చోట రెండు కొని బ్యాగులో వేసుకో, పోటీ మధ్యలో విరిగితే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. మ్యాగ్నెట్ రకంలో తీగ చెయ్యి ఉంటుంది, వేన్ (బాణం వెనక ఉండే ప్లాస్టిక్ రెక్క) తగిలితే లోపలికి ముడుచుకుని అయస్కాంతం వల్ల మళ్లీ బయటికొస్తుంది. షిబుయా కంపెనీది చాలామంది వాడతారు. తీగ ఎత్తు మార్చుకోవచ్చు, అదీ లాభం. ఏది కొన్నా కుడిచేతి వాళ్లదా ఎడమచేతి వాళ్లదా చూసుకో. కుడిచేత్తో నారి లాగేవాడికి రెస్ట్ రైజర్‌కు ఎడమవైపున వస్తుంది.

అసలు కథ అంటించడంలో ఉంది. ముందు ప్లంజర్ బిగించు. ప్లంజర్ మొన మధ్యభాగం బాణం బొంగు మధ్యకు తగిలేలా రెస్ట్ ఎత్తు పెట్టాలి, పైకి కిందికి ఉంటే స్ప్రింగ్ ఎంత తిప్పినా ఫలితం ఉండదు. పైనుంచి చూస్తే తీగ కొస బాణం దాటి బయటికి కనబడకూడదు, కనబడితే వేన్లు దానికే కొట్టుకుంటాయి. మిగిలిన తీగను ప్లయర్‌తో కత్తిరించు. తగులుతోందో లేదో అనుమానంగా ఉంటే బాణం వెనకభాగానికి టాల్కమ్ పౌడర్ పూసి ఒక బాణం వెయ్యి, ఎక్కడ రుద్దుకుందో రెస్ట్ మీద, రైజర్ మీద మరకే చెబుతుంది.

ఊడిపోవడం అంటావా, అది సగం ఎండ తప్పు, సగం పాత జిగురు తప్పు. గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పలుచటి డబుల్ సైడ్ టేప్‌తో అంటించి రాత్రంతా వదిలెయ్. స్పాంజి టేప్ వద్దు, అది కదులుతుంది. ఫెవిక్విక్ కూడా వద్దు, రేపు మార్చాలంటే పెయింట్‌తో సహా వస్తుంది. మే నెలలో విల్లును కారు డిక్కీలో పెట్టి తిరగకు. అంతకీ నిలవకపోతే, అంటించే పని లేకుండా ప్లంజర్‌తో పాటే బిగించే రెస్టులు కూడా దొరుకుతాయి, రేటు మాత్రం ఎక్కువ.

ప్రశ్న: సార్, మాది అనంతపురం. మా పాపకు చెక్క విల్లు కొన్నాం. ప్లంజర్ పెట్టే రంధ్రం లేదు. తనకు మ్యాగ్నెట్ రెస్ట్ కొనాలా?

జవాబు: వద్దమ్మా, రంధ్రమే లేకపోతే దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. పక్కన ఆనడానికి కూడా చిన్న పలక ఉండే ప్లాస్టిక్ రెస్ట్ అంటించండి, ఇప్పటికి చాలు. రెస్ట్ లేకుండా విల్లు గట్టు (పిడి పైనుండే చిన్న అంచు) మీదే బాణం పెట్టి వేస్తామంటే అక్కడ మెత్తటి వెంట్రుకల గుడ్డలాంటిది అతికించి, ఈకల బాణాలు వాడాలి. ప్లాస్టిక్ వేన్లు గట్టుకు తగిలితే మడత పడవు, బాణాన్నే పక్కకు తన్నేస్తాయి. పాప బాణం పెట్టేటప్పుడు రంగు వేరుగా ఉన్న ఈక విల్లు వైపు కాకుండా బయటి వైపుకు ఉందో లేదో మాత్రం ప్రతిసారీ చూసుకోమనండి.