స్ట్రెస్, స్ట్రెయిన్ రెండూ ఒకటేనా?

కాదు. మామూలు ఇంగ్లిష్‌లో కలిపి వాడేస్తారు గానీ, మెకానికల్‌లో స్ట్రెస్ అంటే వస్తువు లోపల యూనిట్ వైశాల్యానికి పడే బలం. స్ట్రెయిన్ అంటే ఆ వస్తువు పొడవు ఎంత మారిందో దాన్ని అసలు పొడవుతో భాగిస్తే వచ్చేది.

అడ్డంగా కోస్తే 100 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం ఉండే స్టీలు కడ్డీని 20,000 న్యూటన్లతో లాగామనుకోండి. స్ట్రెస్ 200 మెగాపాస్కల్స్, అంటే చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్లు. స్టీలు యంగ్స్ మాడ్యులస్ (స్ట్రెస్‌ని స్ట్రెయిన్‌తో భాగిస్తే వచ్చేది) సుమారు 200 గిగాపాస్కల్స్, అంటే 2,00,000 మెగాపాస్కల్స్ కాబట్టి స్ట్రెయిన్ 0.001, అంటే మీటరు కడ్డీ ఒక మిల్లీమీటరు సాగుతుంది. స్ట్రెయిన్‌కి యూనిట్ ఉండదు.

అసలు తేడా తెలిసేది వేడి చేసినప్పుడు. రెండు చివరలా ఏ అడ్డూ లేని కడ్డీని సమానంగా వేడి చేస్తే సాగుతుంది, అంటే స్ట్రెయిన్ ఉంది. స్ట్రెస్ మాత్రం సున్నా. చివరలు కదలకుండా బిగించేస్తే దీనికి పూర్తిగా రివర్స్: పొడవు మారదు కాబట్టి స్ట్రెయిన్ సున్నా, స్ట్రెస్ మాత్రం ఉంటుంది.

అన్నట్టు, 'టెన్షన్' అంటే మెకానికల్ వాళ్లకు లాగుడు. ఎలక్ట్రికల్ వాళ్ల 'హై టెన్షన్' లైన్‌లో మాత్రం వోల్టేజి.